తులాధారుని త్రాసు - యాత్రికుని బస

తీర్థయాత్రకు బయలుదేరిన గృహస్థునకు దారిలో మొదట కలిగే చింత దర్శనమును గూర్చినది కాదు. రాత్రికి తల ఎక్కడ దాచుకొనవలెనన్నది. వెంట వృద్ధులైన తల్లిదండ్రులు, చంటిబిడ్డలు ఉంటే ఆ చింత మరీ ఎక్కువ. మన పూర్వులు ఈ సంగతిని బాగుగా ఎరిగినవారు. అందుచేతనే అన్నదానము, జలదానము తరువాత సత్రము కట్టించుటను గొప్ప పుణ్యముగా ఎంచినారు. కాశీకి పోయే దారిలోను, రామేశ్వరమునకు పోయే దారిలోను, మన తిరుపతి క్షేత్రములోను మఠములు, సత్రములు వెలసినది ఈ భావముతోనే. సత్రములో దిగినవానికి ఈ గది వెల ఎంత, ఇందులో ఎవరి వాటా ఎంత అనే ప్రశ్నయే లేదు. ఇచ్చినవాడు పుణ్యమునకు ఇచ్చినాడు. పుచ్చుకొన్నవాడు చేతులు జోడించి పుచ్చుకొన్నాడు.

కాలము మారినది. సత్రములు, దేవస్థానముల వసతిగృహములు నేటికీ ఉన్నవి. కాని వచ్చే జనమునకు అవి చాలవు. ఏ క్షేత్రమునకు పోయినా రైలు స్టేషను నుండి ఆలయము వరకు లాడ్జీలు, హోటళ్లు బారులు తీరి కనబడుతున్నవి. అవి వ్యాపారములు. వ్యాపారము పాపము కాదు. గృహస్థధర్మములో వాణిజ్యమునకు గౌరవస్థానమే ఉన్నది. అయితే ఇటీవలి కాలములో యాత్రికునికి, లాడ్జివానికి నడుమ మూడవవాడొకడు వచ్చి నిలిచినాడు. అతడు కంటికి కనబడడు. మన చేతిలోని ఫోనులో ఉంటాడు. ఊరి పేరు, తేదీ చెప్పినంతనే వంద గదులు బొమ్మలతో సహా చూపుతాడు, ధర చెబుతాడు, డబ్బు పుచ్చుకొంటాడు. ఆ శ్రమకు లాడ్జివాని వద్ద కమీషను తీసికొంటాడు. ఈ కమీషను ధర్మసమ్మతమేనా? అయితే ఎంతవరకు? దానిని తప్పించి నేరుగా గది తీసికొన్న యాత్రికుడు తెలివిగలవాడా, లేక తెలియకయే దోషము చేసినవాడా? ఇది చిల్లర ప్రశ్న అని కొందరు నవ్వవచ్చును. నాకు అట్లు తోచలేదు. అందుకొక కారణమున్నది.

కొంతకాలము క్రిందట తిరుపతిలో ఒక చిన్న లాడ్జిలో దిగవలసి వచ్చినది. ఉదయము క్రిందికి దిగి వచ్చేసరికి కౌంటరు వద్ద ఒక వృద్ధదంపతులు నిలిచి ఉన్నారు. గోదావరి ప్రాంతము వారు. ఆయన ఉపాధ్యాయుడుగా పనిచేసి విశ్రాంతి తీసికొన్నవారు. మనుమడు ఫోనులో రెండు రోజులకు గది పుచ్చుకొని పంపినాడట, రోజుకు 2,000 రూపాయలు. తిరుచానూరులో అమ్మవారి సేవ ఒకటి చూడవలెనని మరొక రోజు ఉండదలచినారు. ఫోనులో మళ్లీ ఎట్లు పుచ్చుకొనవలెనో చెప్పమని లాడ్జి యజమానిని అడిగినారు. ఆయన నవ్వి, "ఫోను ఎందుకు స్వామీ, రేపటి అద్దె నా చేతికే ఇవ్వండి. 1,700 ఇస్తే చాలును" అన్నాడు.

మూడు వందలు మిగిలినవని సంతోషించవలసిన పెద్దాయన ఆలోచనలో పడినారు. "ఫోనువాడు చూపబట్టే గదండీ మేమిక్కడికి వచ్చినది. ఇప్పుడు వానిని తప్పిస్తే, వాని నోటికాడి కూడు తీసినట్లు కాదా?" అన్నారు. యజమాని ముఖము కొంచెము మారినది. "ఆయన నా నోటి దగ్గర తీసుకొనేది మీకు తెలియదు స్వామీ" అన్నాడు. ఇద్దరూ నా వైపు చూచినారు. నా నుదుట తిరుమణి చూచి ధర్మము చెప్పగలవాడని అనుకొన్నారు కాబోలు. నేను తొందరలో ఉన్నాను. "రెండు రోజులకు అతని కమీషను అతనికి ముట్టినది, మూడవ రోజు మీ ఇష్టము, అందులో దోషము లేదు" అని చెప్పి వచ్చివేసినాను. కొండ ఎక్కుతున్నంతసేపు ఆ మాట నన్ను వెంబడించినది. పెద్దాయన ధర్మసందేహము అడిగితే నేను చెప్పినది లెక్క. నిజమునకు ఆ లెక్కయైనా నాకు సరిగా తెలియదు. తిరుగుప్రయాణములో ఆ యజమాని వద్ద కూర్చుండి వివరము అడిగి తెలిసికొన్నాను.

ఇందులో పద్ధతులు రెండు. మొదటిదానిలో యాత్రికుడు లాడ్జిలోనే డబ్బు చెల్లిస్తాడు; తరువాత ఫోను సంస్థ తన కమీషనుకు లాడ్జికి బిల్లు పంపుతుంది. రెండవదానిలో యాత్రికుడు సంస్థకే ముందుగా చెల్లిస్తాడు. సంస్థ తన భాగము మినహాయించుకొని మిగిలినది కొన్నాళ్లకు లాడ్జికి పంపుతుంది. పద్ధతి ఏదైనను కమీషను సాధారణముగా నూటికి 15 నుండి 25 వరకు ఉంటుంది; చిన్న లాడ్జీలకు అంతకు మించి పడే సందర్భములూ ఉన్నవి. నూటికి 20 అనుకొందాము. 2,000 గదికి లాడ్జివానికి అందేది 1,600. అతనికి నికరముగా 2,000 రావలెనంటే గది ధర 2,400 పెడితే చాలదు, 2,500 పెట్టవలెను. ఎందుకనగా కమీషను పెంచిన ధర మీద కూడా పడుతుంది. మూడవ రోజుకు 1,700 చాలునన్నప్పుడు ఆయన దయతలచి ఇచ్చినది ఏమీ లేదు. యాత్రికునికి 300 మిగిలినది. తనకు 100 అధికముగా దక్కినది. ఇంత సులువైన లెక్క నాకు అంతవరకు తట్టలేదు.

అయితే ఆ మధ్యవర్తి ఊరకే తింటున్నాడా? అట్లు అనుకొనుట అన్యాయము. ఏ బీహారు నుండియో, ఏ గుజరాతు నుండియో వచ్చే భక్తునికి తిరుపతి సందులోని 20 గదుల లాడ్జి పేరు ఎట్లు తెలియగలదు? పూర్వము బస్సు దిగగానే చేతిసంచీ లాగికొని పోయే దళారీలుండేవారు. భాష రానివారిని, అర్ధరాత్రి దిగినవారిని, ఆడవారు మాత్రమే వచ్చినవారిని వారు ఏ రీతిగా పీడించినదీ పాతయాత్రికులకు నేను చెప్పనక్కరలేదు. ఫోనులో గది బొమ్మ ఉన్నది, అంతకుముందు దిగినవారి అభిప్రాయములున్నవి, ధర ముందే తెలుస్తున్నది. ఇది ఉపకారమే. 1996లో ఆమ్‌స్టర్‌డామ్ నగరమున బుకింగ్ డాట్ కామ్, అదే సంవత్సరము అమెరికాలో మైక్రోసాఫ్ట్ సంస్థలో ఒక భాగముగా ఎక్స్‌పీడియా పుట్టినవి. మన దేశమున 2000లో స్థాపితమైన మేక్ మై ట్రిప్ మొదట అమెరికాలోని ప్రవాసభారతీయులు ఇంటికి వచ్చి పోయే ప్రయాణముల కోసము ఏర్పడినదే. దూరమున ఉన్నవానికి దగ్గరివానిని చూపుట ఈ వృత్తికి మూలము.

ఆ చూపుటకు ఖర్చు కూడా కలదు. బుకింగ్ సంస్థల సముదాయము 2023లో 2,100 కోట్ల డాలర్లకు పైగా ఆదాయము పొంది, అందులో ఇంచుమించు మూడవవంతు ప్రచారమునకే వెచ్చించినది. ఆ ప్రచారములో పెద్దభాగము గూగుల్ వంటి వెదకులాట సంస్థలకు చేరుతుంది. అనగా మధ్యవర్తికి మరొక మధ్యవర్తి ఉన్నాడు. లాడ్జివాడు ఫోనువానికి ఇస్తున్నాడు, ఫోనువాడు వెదకిపెట్టేవానికి ఇస్తున్నాడు. అందరికీ ఇచ్చేవాడు చివరకు మూట నెత్తిన పెట్టుకొని వచ్చిన యాత్రికుడే. ఈ గొలుసు చూచినప్పుడు నాకు ఒక పురాతన వర్తకుడు జ్ఞప్తికి వచ్చినాడు.

మహాభారతము శాంతిపర్వములోని మోక్షధర్మములలో తులాధారుని ఉపాఖ్యానము కలదు. జాజలి అనే తపస్వి వనములో మోడువలె కదలక నిలిచి తపస్సు చేయగా ఆయన జటలలో పిట్టలు గూడు కట్టి, గ్రుడ్లు పెట్టి, పిల్లలు రెక్కలు వచ్చి ఎగిరిపోయేవరకు అక్కడనే ఉన్నవి. అంత ఓర్పు పట్టిన తనతో సమానుడైన ధర్మాత్ముడు లేడని ఆయనకు గర్వము పొడసూపినది. అప్పుడు ఆకాశమునుండి ఒక వాక్కు, వారణాసిలో సరకులు అమ్ముకొనే తులాధారునికి నీవు సాటిరావని పలికినది. జాజలి వెదకుకొంటూ పోయి అంగడిలో త్రాసు పట్టుకొని కూర్చున్న మనిషిని చూచినాడు.

ఈ కథ మనము చిన్ననాటనుండి విన్నదే. కాని దానిలో ఒక అంశమును సాధారణముగా దాటిపోతాము. తులాధారుడు పండించేవాడు కాదు, తయారుచేసేవాడు కాదు. ఒకరి చేతినుండి కొని మరొకరికి అమ్మేవాడు. అనగా అతడు మధ్యవర్తి. అటువంటివానివద్దకే మహాతపస్విని ధర్మము నేర్చుకొనుటకు పంపినది భారతము. కనుక నడుమ నిలిచి బ్రతుకుట అధర్మమని చెప్పే హక్కు మనకు లేదు. మరి అతని గొప్పతనమెక్కడ ఉన్నది? కపటము లేక కొని కపటము లేక అమ్ముతానని, తన త్రాసు అందరియందు సమముగా ఉంటుందని అతడే చెప్పుకొన్నాడు. లాభము తీసికొననని అతడు అనలేదు. త్రాసు వంచనని మాత్రమే అన్నాడు.

స్మృతికర్తలు లాభమునకు మితము కూడా చెప్పినారు. రాజు నిర్ణయించిన వెల మీద స్వదేశపు సరకునకు నూటికి 5, పరదేశపు సరకునకు నూటికి 10 వర్తకుడు తీసికొనవచ్చునని యాజ్ఞవల్క్యస్మృతిలోను, కౌటిల్యుని అర్థశాస్త్రములోను కలదు. దీనిని పట్టుకొని నూటికి 20 తీసికొనేవాడు నాలుగింతల పాపి అని చెప్పబోతే అది తొందరపాటు. స్మృతి చెప్పినది సరకును తన డబ్బుతో కొని, నష్టమునకు తానే పూచీపడి అమ్మేవాని లాభము. ఫోనువాడు గదిని కొనడు. ఖాళీగా ఉండిపోతే నష్టము లాడ్జివానిదే. ఆ విధముగా చూస్తే వాని వాటా ఇంకా తక్కువ ఉండవలెనని వాదించవచ్చును. ప్రచారపు ఖర్చు చూపి ఎక్కువ ఉండవలెనని అతడూ వాదించవచ్చును. ఆ అంకెను నేను తేల్చలేను. అయితే పెద్దలు దూరపు సరకునకు ఎక్కువ లాభము ఒప్పుకొన్నారనేది గమనింపదగినది. శ్రమ, దూరము, జ్ఞానము - వీటికి వెల ఉన్నది. ఆ వెలకు ఒక హద్దూ ఉన్నది.

ఇక త్రాసు వంగే చోటు చూద్దాము. ఆ లాడ్జి యజమాని నాకు చెప్పినవాటిలో కమీషను మొత్తము కంటె నన్ను బాధించినది వేరొకటి. ఫోను సంస్థలు అనేకము తమతో ఒప్పందము చేసికొనే హోటలును ఒక షరతుతో కట్టివేస్తూ వచ్చినవి: మా వద్ద చూపే ధరకంటె తక్కువకు నీవు మరెక్కడా గది ఇవ్వరాదు. కొన్ని షరతులలో ఇతర సంస్థల వద్ద మాత్రమే కాదు, తన సొంత కౌంటరు వద్ద కూడా ఇవ్వరాదు. దీనిని ధరల సమానత్వమని పిలుస్తారు. సమానత్వమంటే వినుటకు తులాధారుని మాటవలెనే ఉన్నది. కాని లెక్క చూడండి. కమీషను కలిపి 2,500 పెట్టిన గదిని నేరుగా వచ్చినవానికి కూడా 2,500కే ఇవ్వవలెను. ఫోను ముఖము చూడని పల్లెటూరి భక్తుడు, కాలినడకన వచ్చి తలుపు తట్టినవాడు, తాను పొందని సేవకు 500 చెల్లిస్తున్నాడు. ఆ సంగతి అతనికి తెలియనే తెలియదు. సేవ పొందినవాడు వెల ఇచ్చుట వర్తకము. పొందనివానిచేత, తెలియకుండ ఇప్పించుట ఏమగును? దానికి పెద్దలు పెట్టిన పేరు కటువైనది, నేను వ్రాయను.

ఈ విషయము అనేక దేశములలో న్యాయస్థానములకు ఎక్కినది. జర్మనీలో పోటీవ్యాపార నియంత్రణ సంస్థ 2013లో ఒక హోటలు బుకింగు సంస్థ షరతులను, 2015లో బుకింగ్ డాట్ కామ్ షరతును నిషేధించినది. ఆ నిషేధమును అక్కడి అత్యున్నత న్యాయస్థానము 2021లో సమర్థించినది. ఫ్రాన్సు 2015లో చట్టము చేసి హోటలువాని ధర హోటలువానిదే అని తేల్చినది. మన దేశమున కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరు 19న మేక్ మై ట్రిప్ - గోఐబిబో సంస్థపై 223.48 కోట్లు, ఓయోపై 168.88 కోట్లు జరిమానా విధించి, హోటళ్లతో చేసికొన్న ఒప్పందములనుండి ధర సమానత్వపు షరతులను తొలగింపుమని మేక్ మై ట్రిప్‌ను ఆదేశించినది. ఆ సంస్థలు అప్పీలు చేసికొన్నవి. తీర్పుల విషయము న్యాయవాదులకు వదలుదాము. నాకు కావలసినది సంస్థల తరఫున చెప్పిన ఒక వాదము. ఎందుకనగా అది మన గోదావరి పెద్దాయన సందేహమే.

వారి మాట ఇది: మేము లక్షలు ఖర్చుపెట్టి హోటలును లోకమునకు చూపుతాము. యాత్రికుడు మా వద్ద చూచి, ఎంచుకొని, పేరు వ్రాసికొని, హోటలుకు నేరుగా ఫోను చేసి తక్కువకు పుచ్చుకొంటే మా శ్రమ వృథా. అందుచేత ఆ షరతు అవసరము. ఇది కేవలము కల్పన కాదు. 2009లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమునుండి వెలువడిన ఒక అధ్యయనము, ఇటువంటి సంస్థల జాబితాలో పేరున్నప్పుడు హోటలుకు నేరుగా వచ్చే బేరములు కూడా పెరుగుతున్నవని చూపినది. అనగా చూపినది ఒకరు, ఫలము మరొకరికి. అయినను 2024 సెప్టెంబరు 19న యూరోపియన్ న్యాయస్థానము, అటువంటి షరతు లేకపోయినంతమాత్రమున ఈ వ్యాపారము సాగదని చెప్పుటకు వీలులేదని తీర్పు చెప్పినది.

న్యాయస్థానము హోటలువాని చేతికట్లు విప్పినది, మంచిదే. కాని చట్టము విప్పినంతమాత్రాన యాత్రికుని మనస్సులోని ప్రశ్న తీరుతుందా? మన ఇళ్లలో నిత్యము జరిగే సంగతి ఒకటి చెబుతాను. పెండ్లికి చీరలు కొనబోయి, ఒక అంగడిలో ఇరువది చీరలు విప్పించి, రంగు, అంచు, నేత అన్నీ అతనినే అడిగి తెలిసికొని, ప్రక్క వీథిలో యాభై రూపాయలు తక్కువకు అదే చీర కొంటాము. అట్లు కొనరాదని ఏ చట్టమూ లేదు, ఉండకూడదు కూడా. కాని ఆ మొదటి అంగడి ముందునుండి తిరిగి వచ్చేటప్పుడు మూట కొంచెము చాటు చేసికొంటాము. ఆ చాటు చేసికొనుటలో ధర్మమున్నది. పెద్దాయన కౌంటరు వద్ద ఆగిపోయినది ఆ భావముచేతనే. నేను దానిని లెక్కతో కొట్టివేసినాను.

నేనూ ఈ పని చేసినవాడనే. కుంభకోణము పోయినప్పుడు ఫోనులో వసతి వెదకి, బొమ్మలు చూచి, ముందు దిగినవారి అభిప్రాయములు అన్నీ చదివి, చివరకు లాడ్జి నంబరు సంపాదించి నేరుగా మాట్లాడుకొన్నాను. మిగిలినది 250 రూపాయలు. అది తప్పా అంటే పెద్ద తప్పు కాదంటాను. ఋణమా అంటే ఋణమే అంటాను. ఇప్పుడు అట్టి సందర్భమున, మొదటిమారు ఆ చూపు ద్వారానే ఒక ఊరు చేరినప్పుడు, చూపినవాని ద్వారానే గది పుచ్చుకొంటున్నాను. రెండవమారు ఆ లాడ్జివానితో పరిచయము నాది. దానికి ఎవరికీ వాటా లేదు. మూడవ రోజు విషయములో నేను చెప్పిన సమాధానము సరియైనదే కావచ్చును, కాని చెప్పిన తీరు సరికాదు. ఒకటి మాత్రము గట్టిగా చెప్పగలను: ఫోనులో గది పుచ్చుకొని, వచ్చి దిగి, అప్పుడు దానిని రద్దుచేసి లాడ్జివానితో కుమ్ముక్కై కమీషను ఎగవేయుట దొంగతనము. అందులో ఇద్దరికీ భాగమున్నది. ఇట్లు చేసేవారు తక్కువమంది కారు.

మధ్యవర్తి వైపు చూడవలసినవి ఇంకా కొన్ని ఉన్నవి. జాబితాలో మొదట కనబడే గది మంచి గది అని మనము నమ్ముతాము. ఆస్ట్రేలియాలో ట్రివాగో సంస్థ, చౌకయైన ధరను చూపుతున్నట్లు ప్రకటించి, వాస్తవమునకు తనకు ఎక్కువ చెల్లించిన సంస్థల ధరలకు పెద్దపీట వేసినదని అక్కడి న్యాయస్థానము 2020లో తేల్చి, 2022లో 4.47 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా విధించినది. ఎక్కువ కమీషను ఇచ్చినవానిని పైన పెట్టి దానికి యోగ్యత అనే పేరు పెట్టుట త్రాసు వంచుట కాక మరేమి? ఇంకొకటి, "ఒక్క గదియే మిగిలినది", "ఇప్పుడే పదిమంది చూస్తున్నారు" అని ఎర్ర అక్షరములలో చూపి తొందరపెట్టుట. ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకొని వచ్చే గృహస్థునికి ఆ మాట గుండెలో రాయి పడినట్లుంటుంది. ఆలోచింపక డబ్బు కట్టివేస్తాడు. నిజమైతే అది సమాచారము. కానప్పుడు అసత్యము. 2019లో ఇంగ్లండులో ఆరు బుకింగు సంస్థలు ఇట్టి పద్ధతులు మార్చుకొంటామని అధికారులకు ఒప్పుకొన్నవి. మన దేశమున 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 13 విధములైన మోసపు పద్ధతులను పేర్కొని నిషేధించినది. లేని తొందర కల్పించుట, మొదట తక్కువ ధర చూపి చివరలో రుసుములు చేర్చుట, అడగనిదానిని బిల్లులో చేర్చుట వాటిలోనివి. యాత్రికులు ఈ సంగతి తెలిసికొని ఉండుట మేలు.

లాడ్జీలవారు దీనిని చదివి తమది పైచేయి అనుకొనకూడదు. బ్రహ్మోత్సవములనాడు, వైకుంఠ ఏకాదశినాడు ఏమి జరుగుతున్నదో చూచినవారమే. నెలముందు 1,500కు పుచ్చుకొన్న గదిని, పండుగనాటికి 5,000 ఇచ్చేవాడు రాగానే, "సిస్టములో మీ పేరు లేదండీ" అని త్రిప్పిపంపేవారున్నారు. చంటిబిడ్డతో అర్ధరాత్రి మెట్లమీద కూర్చున్న కుటుంబమును నేను చూచినాను. కొరతనాడు ధర కొంత హెచ్చుట లోకసహజము. ఇచ్చిన మాట తప్పుట మాత్రము లోకసహజమని సరిపెట్టరాదు. కమీషను భారమును చూపి గదిలో దుప్పటి మార్చనివాడు కూడా ఉన్నాడు. నన్ను కూర్చుండబెట్టి లెక్క చెప్పిన యజమాని ఈ మాట తానే ఒప్పుకొన్నాడు. కమీషను పెరిగినప్పుడు తాను మొదట తగ్గించినది గదులు ఊడ్చే మనుషులనని చెప్పి తల వంచుకొన్నాడు. ధర తగ్గినదని మనము సంతోషించే చోట, ఎవరో ఒక స్త్రీ కూలి పోయి ఉంటుంది. ఈ సంగతి నేను ఎన్నడూ ఆలోచింపలేదు.

కొండమీది సంగతి వేరు. తిరుమలలో దేవస్థానము వసతి గదులను తానే నేరుగా, ముందుగానే కేటాయిస్తున్నది. సామాన్యయాత్రికులకు నామమాత్రపు అద్దెకు ఇస్తున్నది. నడుమ కమీషను లేదు. అయినను అక్కడ కూడా దళారి పుట్టినాడు. చౌకగా దొరికేది కొరతగా ఉన్నప్పుడు, ఒకరి పేరుమీద గది తీసి మరొకరికి అమ్మే వ్యాపారము సాగినది. దేవస్థానపు వెబ్‌సైటును పోలిన నకిలీ సైట్లు కూడా వెలసినవి. దానిని అరికట్టుటకే 2023 మార్చి నుండి గదుల కేటాయింపులో ముఖమును గుర్తించే పద్ధతిని ప్రయోగాత్మకముగా తెచ్చినారు. ఫోను సంస్థ కమీషను ఎక్కువని గొణిగే భక్తుడే, కొండమీద గదికోసము దళారి చేతిలో రెట్టింపు పెట్టుటకు వెనుదీయడు. ఆ దళారి చేసినది సేవ కాదు. వరుసలో నిలిచిన మరొక భక్తుని గదిని దొంగిలించి తెచ్చి ఇచ్చినాడు. ఫోనువాడు తెలియని గదిని చూపుతాడు. ఈ దళారి తెలిసిన గదిని దాచుతాడు. ఇద్దరినీ ఒకే గాటను కట్టుట న్యాయము కాదు.

గోదావరి పెద్దాయన మూడవ రోజున ఏమి చేసినారో నాకు తరువాత ఆ యజమానియే చెప్పినాడు. 1,700 ఇవ్వలేదట, 2,000 ఫోనులోనూ కట్టలేదట. 1,850 తీసి కౌంటరుమీద పెట్టి, "మీరు చూపించే ఖర్చు లేదు గనుక నాకు కొంత తగ్గించినారు, సంతోషము. మిగిలినది మీ గది ఊడ్చే అమ్మాయికి ఇవ్వండి" అన్నారట. ఫోనువాని సంగతి ఏమన్నారని అడిగినాను. "వాని బాకీ వానికే తీరుస్తాను, శ్రీరంగము పోయేటప్పుడు అన్నారు స్వామీ. అక్కడ ఆయనకు ఎవరూ తెలియదట" అన్నాడు.

మొన్న కార్తీకములో ఆ పెద్దాయన నుండి ఒక ఉత్తరము వచ్చినది. నా చిరునామా లాడ్జి పుస్తకములోనుండి వ్రాయించుకొన్నారట. శ్రీరంగములో రంగనాథుని సేవించుకొన్నామని, గది ఫోనులోనే, చూపిన ధరకే పుచ్చుకొన్నామని, గాలి వెలుతురు బాగున్నవని వ్రాసినారు. చివర ఒక వాక్యము: "బయలుదేరేటప్పుడు ఆ లాడ్జివారు కూడా ఒక చీటీ ఇచ్చినారండి, ఈసారి నేరుగా రమ్మని. పంచాంగములో పెట్టి ఉంచినాను."